కంపెనీ ఇవ్వలేదు, ఉద్యోగులే ఇచ్చారు

అమెరికాలో కంపెనీలు అనుభవిస్తున్న కష్టాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం విచారకరం. 1907 నాటి టిల్‌మన్ చట్టం పుణ్యమా అని అక్కడి కంపెనీ తన ఖజానాలోంచి సెనేట్ అభ్యర్థికి గానీ, అధ్యక్ష పదవికి పోటీ చేసేవారికి గానీ నేరుగా ఒక్క డాలరు కూడా ఎన్నికల చందాగా ఇవ్వకూడదు. కోట్లు గడించి కూడా చేతులు కట్టుకుని కూర్చున్న ఆ సంస్థను చూసి కడుపు తరుక్కుపోయేది ఉద్యోగులకే.

కాలిఫోర్నియాలో ఉండే ఒక వైస్ ప్రెసిడెంటు గారిని ఊహించుకోండి. తాను ఎన్నడూ అడుగుపెట్టని రాష్ట్రపు సెనేటరు మీద ఆయనకు ఉన్నట్టుండి అభిమానం పొంగుతుంది; ఆ సెనేటరు కూర్చునే కమిటీ ముందుకే కంపెనీకి సంబంధించిన చట్టం బిల్లు రావడం కేవలం కాకతాళీయం. 2026 ఎన్నికలకు ఒక్కో వ్యక్తి ఒక్కో అభ్యర్థికి 3,500 డాలర్ల వరకు ఇవ్వవచ్చు, ప్రైమరీకి (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికకు) వేరు, అసలు ఎన్నికకు వేరు కనుక ఆయన చేయి 7,000 దాకా సాగుతుంది. మర్నాడు అదే అభిమానం శ్రీమతిగారికి కూడా అంటుకుంటుంది. వృత్తి అన్నచోట ఆమె ‘గృహిణి’ అని రాస్తారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు చందా ఇవ్వరాదని 2002లో చట్టం తెచ్చారు గానీ, పసివాళ్ల రాజకీయ చైతన్యాన్ని అణచడం తగదని కాబోలు, మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

మొత్తం 200 డాలర్లు దాటితే దాత పేరుతోపాటు ఆయన ఎక్కడ పనిచేస్తున్నాడో కూడా అభ్యర్థి లెక్కల్లో చూపాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ‘ఫలానావారు, ఫలానా ఊరు, నూటపదహార్లు’ అని రాసుకుంటాడు చూడండి, ఇదీ అంతే, కాకపోతే ఊరి స్థానంలో కంపెనీ ఉంటుంది. అందుకే అర్ధరాత్రి టీవీ చూసి ఒళ్లు మండి తనకు నచ్చిన అభ్యర్థికి 250 డాలర్లు పంపిన ప్రోగ్రామరు కూడా, తెల్లారి పత్రికలో ‘ఆ కంపెనీ సిబ్బంది మొగ్గు అటే’ అన్న వార్తలో భాగమైపోతాడు. పాపం, అతడికి బాసు ఎవరికి ఇచ్చాడో కూడా తెలియదు.

కంపెనీ తన పేర, ఉద్యోగుల చందాలు పోగుచేసి అభ్యర్థులకు ఇచ్చే ‘ప్యాక్’ అనే నిధి పెట్టుకోవచ్చు, దాని ఆఫీసు ఖర్చులు భరించవచ్చు, మేనేజర్లను ఎన్నిసార్లైనా చందా అడగవచ్చు. మామూలు ఉద్యోగులను మాత్రం ఏడాదికి రెండుసార్లే, అదీ ఇంటికి ఉత్తరం రాసే అడగాలి. ఇవ్వకపోయినా మీ ఉద్యోగానికి ఏమీ కాదని అందులో చెప్పి తీరాలట. అంతవరకు ఆ అనుమానమే లేని ఉద్యోగికి సరిగ్గా ఆ వాక్యం దగ్గరే గుండె దడ మొదలవుతుంది. ఇచ్చిన చందాను బోనస్ రూపంలో తిరిగి చెల్లించడం మాత్రం నేరం. ఇంత రసవత్తరమైన ఏర్పాటులో చట్టం ఇక్కడొక్కచోట మరీ మొరటుగా ప్రవర్తించింది.

ఈ పుణ్యకార్యానికి పూర్తిగా దూరమైనవారు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లు. పన్ను కట్టవచ్చు గానీ, గ్రీన్ కార్డు వచ్చేదాకా అక్కడ అభ్యర్థికి ఐదు డాలర్లు ఇచ్చినా తప్పే. ఏళ్ల తరబడి క్యూలో నిలబడి కార్డు అందుకున్న రోజున, ఓటు హక్కు ఇంకా రాకపోయినా, చందా ఇచ్చే హక్కు మాత్రం చేతికొస్తుంది. ఈలోగా మేనేజరు కూడా అయ్యుంటే, ప్యాక్ వారి మొదటి ఉత్తరం ఎంతో దూరంలో ఉండదు.