'సారీ' గారికి చిత్తూరు సండే స్కూల్ టీచర్ల మనవి

మహారాజశ్రీ 'సారీ' గారికి,

వందనాలు. క్రేయాన్ విరిగితే మీరు, జడ లాగితే మీరు, పలకతో నెత్తిన ఒకటిచ్చినా మీరే. "సారీ చెప్పప్పా" అంటాం. పిల్లోడు గుమ్మంలో చెప్పులకేసి చూస్తూ మిమ్మల్ని ఉమ్మేస్తాడు. రెండోవాడు ముక్కు తుడుచుకుంటూ "ఇట్సోకే" అంటాడు. నాలుగు సెకన్లలో కేసు కొట్టివేత! చిత్తూరు కోర్టు చుట్టూ వాయిదాలకు తిరిగేవాళ్లు చూస్తే కుళ్లుకుంటారు. పాట అయ్యేలోగా అదే పలక, అదే నెత్తి.

ఇంతటి ఉద్యోగం చేస్తున్నారు కదా అని మీ అనుభవం ఎంతో బైబిల్లో వెతికాం. తాను మోసం చేసిన అన్న ఏశావు ఎదుటికి యాకోబు మిమ్మల్ని ఒక్కరినే వెంటేసుకుని రాలేదు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు ముందు తోలాడు. ఆదికాండము 32లో లెక్కేస్తే ఒంటె పిల్లలు కాక 550. పన్నులు వసూలు చేసే జక్కయ్యైతే మీ పేరే ఎత్తలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మా చాపల మీద అంత అక్కర్లేదు. విరిచినవాడు తన డబ్బాలోంచి అదే రంగు క్రేయాన్ ఇవ్వాలి. కూల్చినవాడు బ్లాకుల ఇల్లు మళ్లీ కట్టడానికి చెయ్యి వేయాలి. వాళ్లమ్మ కొత్త డబ్బా కొనిస్తే చెల్లదు. అది అమ్మ చెప్పిన సారీ.

అసలు మీరు మరీ తొందరగా వచ్చేస్తారండీ. ఏడుపు ఆగని పిల్లవాడి చెవిలోకి ఏ మాటా దిగదు. ముందు ఇద్దరినీ చెయ్యి అందనంత ఎడంగా కూర్చోబెట్టాలి, నీళ్లివ్వాలి. ఆరేళ్లలోపు వాళ్లకైతే పక్కన పెద్దవాళ్లుండాలి, ఒంటరిగా మూలన నిలబెడితే అది శిక్షవుతుంది. ఆ తర్వాత "ఎందుకు కొట్టావు?" అని అడుగుతాం చూడండి, తప్పంతా అక్కడే. వాడు కారణం వెతుకుతాడు, దొరక్కపోతే అల్లుతాడు. తమ్ముణ్ణి చంపిన కయీనును దేవుడు "నీకు కోపమేల" అని అడిగింది దెబ్బ పడకముందు. పడ్డాక అడిగింది "నీవు చేసిన పని యేమిటి" అని. మేమేమో ముందు ఊరుకుని, తర్వాత 'ఎందుకు' పట్టుకుంటాం.

మాట్లాడే వంతు ఎవరిదో తెలియడానికి చేతికో వస్తువిస్తాం. చుట్టిన చేతిరుమాలు చాలు. స్కేలు, డస్టర్ వద్దు, విసరడానికి బాగుంటాయి. రుమాలు లేనివాడు తన వాదన మొదలెట్టేముందు అవతలివాడు ఏమన్నాడో చెప్పాలి. వినుటకు వేగిరపడమని యాకోబు పత్రికలో కంఠస్థం చేయిస్తాం కదా, ఆ వాక్యానికి ప్రాక్టికల్ ఇదే. వెక్కిరిస్తూ అప్పజెప్తే రుమాలు వెనక్కి.

మీ తమ్ముడు 'ఇట్సోకే' గారి సంగతి మరీ అన్యాయం. దెబ్బ తిన్నవాడు కూడా అబద్ధమాడాలా? తనను అమ్మేసి, తర్వాత ధాన్యానికొచ్చిన అన్నలకు యోసేపు మొదటి రాకలో తానెవరో చెప్పనేలేదు. తమ్ముడు బెన్యామీను బదులు తాను దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే ఏడ్చి బయటపడ్డాడు. కాబట్టి "నాకింకా కోపంగానే ఉంది టీచర్" అనే పిల్లకు ఆ హక్కుంది. కొట్టే హక్కు మాత్రం లేదు. ఎఫెసీ పత్రిక సూర్యాస్తమయం దాకా గడువిచ్చింది, మేము ఆఖరి ప్రార్థనకే ముగించేయమంటున్నాం.

"పెద్దదానివి కదమ్మా, నువ్వే ఇచ్చెయ్" అనేది మీ చుట్టమే. అబ్రాము పెద్దవాడై ఉండీ సోదరుడి కొడుకు లోతునే ముందు భూమి కోరుకోమన్నాడు, నిజమే. కానీ ఎవరూ జబ్బ పట్టుకుని అనిపించలేదు. వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ బడిలో) తోతాపురి మామిడి ముక్కకు ఇద్దరు పడితే మా పద్ధతి ఇది: కత్తి టీచర్ చేతిలో, ఎక్కడ కోయాలో ఒకరు చూపిస్తారు, రెండోవారు ముందు తీసుకుంటారు. టెంక ఉన్న వైపు చూసి మరీ గీత గీస్తారు! ఉప్పుకారానికి మాత్రం ఇంకా ఏ పద్ధతీ దొరకలేదు.

ఒకచోటికి మాత్రం మీరు రానేవద్దు. మత్తయి 18 ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజెప్పమంటుంది. అది పెన్సిల్ తగవుకు, ఈడు పిల్లల మధ్య. పెద్ద పిల్లోడు రోజూ డబ్బులు గుంజుతుంటే, ఎవరైనా తాకరానిచోట తాకితే, ఆ పిల్లను ఒంటరిగా వెళ్లమనడం, క్షమించేయమనడం పాపం. అవతలివాణ్ణి ఇరికించడానికి చెప్పేది చాడీ, ఎవరికీ దెబ్బ తగలకుండా చెప్పేది సాయం. ఈ తేడా చెప్పి, పిల్లల సాయానికున్న చైల్డ్‌లైన్ ఫోన్ 1098 నంబరు కంఠత వాక్యంలాగే నేర్పిస్తాం.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయడం లేదు, డ్యూటీ మారుస్తున్నాం. వచ్చే ఆదివారం కూడా రండి. గుమ్మంలో ఆ చెప్పుల దగ్గరే కూర్చోండి. లోపల క్రేయాన్ చేతులు మారాక, పిల్లోడే వచ్చి పిలిస్తే లేవండి.

ఇట్లు,
చాపలు పరిచి, మడిచేవాళ్లు