ఎర్ర బటన్‌కి బంతిపూల దండ

ఒళ్లు ఇంకా మండుతోంది, చల్లారేలోపే రాసేస్తున్నాను.

విశాఖలో ఒక పరిశోధనా ల్యాబ్‌లో కంప్యూటర్ సిస్టమ్స్, కంట్రోల్స్ విభాగంలో ఉద్యోగం నాది. మా చుట్టాల లెక్కలో నేను ప్రింటర్లు బాగుచేసేవాణ్ణి. ల్యాబ్‌లో సగంమంది లెక్కలోనూ అంతే. పంపులు, మోటార్లు, వాల్వులు చెప్పిన వేళకి చెప్పినట్టు నడిచేలా పీఎల్‌సీలకి, అంటే యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్లకి, ప్రోగ్రాములు రాయడం, ఉప్పుగాలికి తుప్పు పట్టిన కనెక్టర్లని తిట్టుకుంటూ మార్చడం నా అసలు పని. అన్నీ సవ్యంగా నడుస్తున్నంత కాలం నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. అదే నాకూ హాయి.

మొన్న పంపుల్ని నడిపి పరీక్షించే కొత్త టెస్ట్ రిగ్‌కి ప్రారంభోత్సవం పెట్టారు. ముఖ్య అతిథి ఢిల్లీ నుంచి వస్తున్నారు. ఏర్పాట్లకి ఒక కమిటీ వేశారు, అందులో రిగ్ కట్టినవాళ్లు ఒక్కరూ లేరు. రిగ్ స్టార్ట్ కావాలంటే ముందు చల్లటి నీరు తిరగాలి, ఆ తర్వాత బేరింగులకి నూనె అందాలి, అప్పుడుగానీ పెద్ద మోటార్ కదలదు. అంతసేపు పెద్దమనిషిని నిలబెట్టడం బాగోదని పొద్దున్నుంచే నెమ్మదిగా తిప్పుతూ ఉంచాం. ఆయన వచ్చి స్క్రీన్ మీద ఒక్క క్లిక్ చేస్తే స్పీడు పెరుగుతుంది. ఇదీ నా ప్లాను.

"మౌసు నొక్కితే ఫోటోలో ఏం కనిపిస్తుందండీ?" అంది కమిటీ. రిబ్బన్ కట్ చేయిద్దాం అన్నాను. సరేనన్నట్టు తలలూపారు. డ్రైవ్ ప్యానెల్ చూసొద్దామని నేను వెనక్కి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అతిథి వచ్చేశారు, నా చేతికి మైకు ఇచ్చేశారు. "ఈ వ్యవస్థ ప్రత్యేకత ఏమిటంటే..." అని మొదలుపెడుతూ కన్సోల్ వైపు చూశాను. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కి పూర్ణా మార్కెట్ బంతిపూల దండ వేసి ఉంది. కుంకుమబొట్టు ఉంది. పక్కన నిమ్మకాయ కూడా ఉంది. సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త బండికి పూజ చేయించినట్టు ముస్తాబు చేశారు.

నిజం చెప్పాలంటే ఆ బటన్ అందగత్తే. చుట్టూ పసుపు, మధ్యలో ఎరుపు, పుట్టగొడుగులా ఉబ్బిన తల. ఆ రంగులుండాలని, అరచేత్తో తేలిగ్గా నొక్కేలా ఉండాలని ఐఎస్ఓ 13850 అనే అంతర్జాతీయ ప్రమాణమే చెబుతోంది. వణికే చేతుల్తో, వెతుక్కునే టైము లేనివాడు అరచేత్తో ఒక్కటి చరిస్తే పడాలని ఆ తల అంత పెద్దది. ప్రమాదంలో ఉన్న మనిషి కంటికి మొదట ఆనేలా ప్రపంచంలోని ఇంజనీర్లందరూ కూర్చుని తీర్చిదిద్దిన బటన్ అది. కమిటీ కంటికీ మొదట అదే ఆనింది. ఆ రకంగా డిజైన్ నూటికి నూరు పాళ్లూ సక్సెస్.

అతిథి చెయ్యి లేచింది. "సార్..." అన్నాను. మైకు అప్పుడే కుయ్‌మంది. ఫోటోగ్రాఫర్ "ఒక్క నిమిషం సార్, ఇటు చూడండి" అని ఆ చేతిని గాల్లో ఆపించాడు. ఆ కాస్త వ్యవధిలో నేను దూకి ఉండొచ్చు. కానీ మధ్యలో డైరెక్టర్‌గారు, శాలువాల పళ్లెం పట్టుకున్న అమ్మాయి, దీపపు కుందె ఉన్నాయి. ముగ్గురినీ దాటి ఢిల్లీ చెయ్యి పట్టుకోవడానికి నా హోదా సరిపోదు. అతిథి నవ్వుతూ, అరచేత్తో, ప్రమాణంలో కోరుకున్నట్టే గట్టిగా నొక్కారు.

మోటార్ హోరు టక్కున ఆగిపోయింది. నిజానికి హారన్ మోగాలి. ప్రసంగాలకి అడ్డమని ముందురోజే కమిటీ దాని నోరు మూయించింది. హాలంతా నిశ్శబ్దం.

"అద్భుతం! ఎంత సైలెంట్‌గా నడుస్తోందో!" అన్నారు అతిథి.

చప్పట్లు.

ఇక స్క్రీన్ సంగతి. అంతా మామూలుగా ఉన్నప్పుడు స్క్రీన్ బూడిదరంగులో ఉండాలి, తేడా వస్తేనే రంగు కనిపించాలి, అప్పుడే ఆపరేటర్ కన్ను దాని మీద పడుతుంది. మా స్క్రీన్లన్నీ ఆ పద్ధతిలోనే చేశాం. "ఏమిటండీ ఈ ఏడుపుగొట్టు స్క్రీను, కాస్త కళగా పెట్టలేరా?" అని కమిటీ అంతకుముందే సణిగింది. ఇప్పుడు నీటి ఒత్తిడి, నూనె ఒత్తిడి, ప్రవాహం ఒకదాని వెంట ఒకటి పడిపోయి, గోడంత స్క్రీన్ నిండా ఎర్ర అలారాలు టపటపా వెలగడం మొదలెట్టాయి. "ఆ లైట్లు అలాగే ఉంచండి సార్, బ్యాక్‌గ్రౌండ్ అదిరింది" అన్నాడు ఫోటోగ్రాఫర్. అందరూ వాటి ముందు వరుసగా నిలబడ్డారు. నన్నూ లాగి శాలువా కప్పారు.

మా సీనియర్ టెక్నీషియన్ నా చెవి దగ్గరకొచ్చి, "సార్, మొత్తం ఆగిపోనాది" అన్నాడు.

"తెలుసు, నవ్వు" అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఫోటోలయ్యాక కమిటీలో ఒకాయనకి అనుమానం వచ్చింది. ఆయన్ని పక్కకి తీసుకెళ్లి సంగతి చెప్పాను. "అయితే దాన్ని పైకి లాగెయ్యండి, మళ్లీ నడుస్తుందిగా" అన్నారు. లాగితే రాదు, తిప్పాలి. తిప్పినా మోటార్ తనంతట తాను కదలదు, కదలకూడదు కూడా. లోపల ఎవరి చెయ్యి ఉందో ఎవరికి తెలుసు? అందుకే విడిగా రీసెట్ చేసి, నీళ్ల దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాలి. ఇదంతా చెబుతుండగానే ఆయన "ఇన్ని ఏళ్ల సర్వీసుండి ఒక్క బటన్ సరిగ్గా పెట్టలేరా?" అని టిఫిన్ల వైపు వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి పెసరట్లు అయిపోయాయి. ఉప్మా మిగిలింది.

సాయంత్రానికి ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. వెనక గోడ నిండా ఎర్రగా "లూబ్ ఆయిల్ ప్రెషర్ లో" (నూనె ఒత్తిడి పడిపోయిందని), ముందు మేమంతా పళ్లికిలిస్తూ. కింద చప్పట్ల బొమ్మలు. వేరే ల్యాబ్‌లో కంట్రోల్స్ చేసే మిత్రుడు మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు: "ఏరా, మెషిన్ ట్రిప్పయి ఆగిపోయినందుకు కూడా శాలువా కప్పుతున్నారా మీ దగ్గర?"

ఈ రోజు పొద్దున మెయింటెనెన్స్ పోర్టల్‌లో కమిటీ తరఫున నా పేరు మీద ఒక ఫిర్యాదు పడింది. "ప్రారంభోత్సవ బటన్ ఒకసారి నొక్కితే పైకి రావడం లేదు. స్ప్రింగు పోయినట్టుంది. మార్చి, వివరణ ఇవ్వగలరు."