నల్ల గీతల కింద ఏముంది?

సమాచారం ఇమ్మని ప్రభుత్వాన్ని అడిగితే చేతికొచ్చే కాగితాలు చూస్తే ఒళ్లు మండుతుంది. పైన తేదీ, కింద సంతకం, మధ్యలో వరసగా నల్ల గీతలు. ఎవరు నిర్ణయించారు, ఎంతకు ఒప్పుకున్నారు, ఎవరు వద్దన్నారు... సరిగ్గా అవే కనపడవు. మన డబ్బుతో, మన పేరు మీద చేసిన పని మనకే చెప్పరా?

ప్రభుత్వ దస్త్రాలు జనం చూడొచ్చని స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. అమెరికాలో 1966లో, భారత్‌లో 2005లో అలాంటివే వచ్చాయి. చట్టాలున్నాయి, మినహాయింపులే వాటిని మింగేస్తున్నాయి. సైన్యం కదలికలు దాచండి, ఎవరూ కాదనరు. కానీ 1971లో బయటపడ్డ పెంటగాన్ పత్రాల్లో, అంటే అమెరికా రక్షణ శాఖ రహస్య నివేదికలో, ఉన్నదేమిటి? వియత్నాం యుద్ధం గురించి ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాలు జనానికి ఒకటి చెప్పి, లోపల ఇంకొకటి అనుకున్న వైనం. ఓటర్లకు తెలియకూడదనే దాచారు!

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది, జనం విసిగిపోయి అడగడమే మానేయడం. ఓటు వెయ్యనివాళ్లను బద్ధకస్తులని తిట్టడం తేలిక. బిల్లు చర్చ లేకుండా పాసైపోతే, అభ్యంతరాల గడువు ముగిశాక ప్రకటన కంటపడితే, మనిషికి ఉత్సాహం ఎన్నాళ్లుంటుంది? సభకు వెళ్లి మాట్లాడేవాడు కూడా చివరికి "ఎవడొచ్చినా ఇంతేలే" అని ఇంట్లో కూర్చుంటాడు. అతన్ని నేను తప్పుపట్టలేను. నా కోపమంతా అతనిచేత ఆ మాట అనిపించినవాళ్ల మీదే.