గోరంతను కొండంత చేసే విద్య

వీడియో గేముల్లో బొమ్మ గీసే పద్ధతి ఒకప్పుడు బొత్తిగా మొరటుగా ఉండేది. 4కే తెరమీద 82,94,400 పిక్సెళ్లుంటే గ్రాఫిక్స్ కార్డు, పాపం, అన్నీ గీసేది. ఆ వెట్టిచాకిరీకి ఇప్పుడు విముక్తి దొరికింది. కొన్ని గీసి మిగతావి ఊహించుకుంటే చాలు. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. నిందించేవాళ్లు కళ్లజోడు మార్చుకోవాలని మనవి.

ఈ విద్యలో పాండిత్యమంతా పేర్లలోనే ఉంది. ఎంత గీయాలో ఎంచుకునే మోడ్‌ల పేర్లవి. 'పర్ఫార్మెన్స్' అంటే 50 శాతం. సగమే కదా పోయింది అని సర్దుకుంటాం. ఆ సగం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఇంకోసారి. 3840 × 2160 తెరకి లోపల గీసేది 1920 × 1080, అంటే పావు వంతు. 'క్వాలిటీ'లో గీసేది 2560 × 1440, మొత్తంలో 44 శాతం. సగానికి పైగా ఎగ్గొట్టి దానికి నాణ్యత అని పేరు పెట్టాలంటే గుండెధైర్యం కావాలి. 1080పీ మానిటర్ మీద పర్ఫార్మెన్స్ నొక్కితే లోపల మిగిలేది 960 × 540. దూరంగా నిలబడ్డ మనిషికి కన్నూ ముక్కూ ఉన్నాయో లేవో ఆల్గారిదం దయ.

మరి ఎగ్గొట్టినవి ఎక్కణ్ణుంచి వస్తాయి? అప్పు చేసి పప్పుకూడు. ప్రతి ఫ్రేములోనూ, అంటే తెరమీద వరసగా వచ్చే ఒక్కో బొమ్మలోనూ, కెమెరాని పిక్సెల్లో వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, పాత ఫ్రేముల్లోని రంగుల శాంపిళ్లను పోగేస్తారు. ఏది ఎటు కదిలిందో మోషన్ వెక్టర్లు చెబుతాయి. 2020లో ఎన్విడియా వారి అప్‌స్కేలర్ డీఎల్ఎస్ఎస్ 2.0, 2022లో ఏఎండీ వారి ఎఫ్ఎస్ఆర్ 2 నడిచింది ఈ దారినే. కదలకుండా చూస్తే నిజంగా అద్భుతమే, అందుకే స్క్రీన్‌షాట్లలో ఇది ఓడదు. నాలుగడుగులు వేశామా, అప్పులవాళ్లు తలుపు తడతారు. స్తంభం పక్కకి తప్పుకోగానే కనబడిన గోడకి పాత ఫ్రేముల్లో జాడే లేదు, అందుకని ఆ అంచు కాసేపు గరగరలాడుతుంది. నిప్పురవ్వలకి మోషన్ వెక్టర్లు రాయకపోతే ఒక్కోదానికీ తోక మొలుస్తుంది.

ఈ లోపాలన్నిటికీ సర్వరోగనివారిణి షార్ప్‌నెస్ స్లైడర్. అది కొత్త వివరమేదీ తేదు. ఉన్న అంచుకి ఒకవైపు చీకటి, ఇంకోవైపు వెలుగు పెంచుతుంది, అంతే. చివరిదాకా లాగితే ఆకాశం ముందున్న ఎండుకొమ్మ చుట్టూ తెల్లగీత వస్తుంది, గడ్డి మినుకుమినుకుమంటుంది, సినిమా రీలులా కనబడ్డానికి చల్లే నలుసులు, అదే ఫిల్మ్ గ్రెయిన్, ఇసుకతుఫాను అవుతుంది. గేములో ఒకటి, డ్రైవర్‌లో ఒకటి, టీవీలో మరొకటి, మూడు షార్ప్‌నెస్‌లూ పెట్టుకున్న భక్తులూ ఉన్నారు. ఆ భక్తికి దండం.

చాలాసార్లు అసలు రోగం వేరే చోట ఉంటుంది. లోపలి రెజల్యూషన్, అంటే గీసే పిక్సెళ్ల లెక్క, తగ్గింది కాబట్టి గేము టెక్స్‌చర్లకి (వస్తువుల మీద అతికించే బొమ్మలకి) చిన్న మిప్‌మ్యాప్‌లు, అంటే ముందే చిన్నవి చేసి పెట్టిన నకళ్లు, వాడేస్తుంది. దాన్ని సరిదిద్దడానికి, ఏ సైజు నకలు వాడాలో చెప్పే మిప్ బయాస్ అనే అంకెని క్వాలిటీలో కనీసం మైనస్ 0.58, పర్ఫార్మెన్స్‌లో మైనస్ 1 దాకా దించాలి. డెవలపర్ అది మరిచిపోతే ఇటుకగోడ సున్నం కొట్టినట్టు నున్నగా తయారవుతుంది. స్లైడర్‌తో ఎంత గీకినా అందులోంచి ఇటుకలు రాలవు. అలాగని మరీ దించితే గోడ మొత్తం తళుకులే.

ఇంత చెప్పినా నమ్మని మొండివాళ్లకి ఒక పరీక్ష. స్లైడర్ సున్నాకి దించండి. మోషన్ బ్లర్ (కదలికకి పూసే మసక), ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ ఆబరేషన్ (అంచుల్లో రంగులు విడగొట్టే సోకు) ఆపేయండి. సన్నటి ఇనుపకంచె ముందు నిలబడి కెమెరాని మెల్లగా తిప్పుతూ క్వాలిటీ నుంచి ఒక్కో మెట్టూ దిగండి. తీగలు పాకడం మొదలైన మెట్టుకి పైమెట్టే మీది. అప్పుడు గేము కాస్త మెత్తగా కనబడితేనే స్లైడర్‌ని కొంచెం కొంచెంగా పెంచండి. దిగుతున్నకొద్దీ సెకనుకి వచ్చే ఫ్రేములు పెరగడం లేదా? అయితే అడ్డుపడుతున్నది బహుశా ప్రాసెసర్. పిక్సెళ్లు ఉత్తపుణ్యానికి పోయాయి. ఫరవాలేదు, డ్రైవర్‌లో ఇంకో స్లైడర్ ఉంది.