ఆ పిల్లల జబ్బలు చూశారా?

ఫోన్లో ఈ మెసేజ్ రావడం ఈ వారంలో ఇది ఐదోసారి. "1950 నాటి మన బతుకులు, పాత పేపర్ల ఫోటోలు. చూసి పదిమందికి పంపండి." ఆరు నలుపు తెలుపు ఫోటోలు, వాటి కింద ఐదు గొప్పలు. మొదట పంపినవాళ్ళకి దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. నిన్న మా బాబాయి కూడా పంపాడు. ఇక నా వల్ల కాదు.

బంగారం పది గ్రాములు 99 రూపాయలట. అప్పట్లో గ్రాములెక్కడివి, తులాలు కదా! పోనీ, వందే అనుకుందాం. పొద్దస్తమానం పొలంలో వంగిన మగ కూలీకి దొరికింది దాదాపు రూపాయి. ఆడవాళ్ళకి అదీ లేదు. లెక్క మీరే కట్టుకోండి.

"టెన్షన్లు లేవు, మొహాల్లో సంతోషం చూడండి" అట. 1952 కరువులో రాయలసీమ గంజి కేంద్రాల ముందు నిలబడ్డవాళ్ళని అడగాల్సింది.

"1950, బెజవాడ కాఫీ హోటల్" అన్న ఫోటోని కాస్త పెద్దది చేసి చూడండి. గోడమీద బోర్డు: కాఫీ 12 న.పై. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. ఏడేళ్ళు అటూ ఇటూ అయితే కొంప మునగదు, సరే. కానీ బోర్డు మీదున్నదే చదవనివాళ్ళు మనుషుల మొహాల్లో సంతోషం చదివేశారంటే ఎలా నమ్మాలి?

ఆ సంతోషం సంగతీ చెప్పాలి. ఆ రోజుల్లో పేపర్లో ఫోటో పడాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. ఖర్చుతో పని. కాబట్టి ఏది వేయాలో, ఎంత వేయాలో ఏరేవారు. కొన్నాళ్ళు ఒక పత్రికలో పాత ఫోటోలు సర్దే పని చేశాను. వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో "రెండు కాలమ్‌లు" అని, అంటే పేపర్లో ఎంత వెడల్పు వేయాలో, రాసి ఉండేది. ముందువైపు కత్తిరించమని ఎర్ర గీత. ఒకదానిలో ఆ గీతకి అవతల చిరిగిన గౌనుతో, ఖాళీ బిందెతో ఓ పిల్ల. అచ్చులో పడేది కుళాయి తిప్పుతున్న పెద్దమనిషి ఒక్కడే.

ఇక అసలుది. "అప్పుడు టీకాలు లేవు, జబ్బులూ లేవు, అందరూ నూరేళ్ళు బతికారు."

1951 జనాభా లెక్కలప్పుడు మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. అంటే అందరూ ముప్పై రెండుకే పోయారని కాదు, పసితనంలోనే అంతమంది పోయారని. ఫోటోలో ఉన్నది మిగిలినవాళ్ళు. పోయినవాళ్ళని ఏ ఫోటోగ్రాఫరూ వరసలో నిలబెట్టలేడు కదా.

టీకాలు లేవా? మీరు పంపిన మూడో ఫోటోలో గోలీలాడే కుర్రాళ్ళ జబ్బల మీద ఆ గుండ్రటి మచ్చలేమిటి, పచ్చబొట్లా? మశూచి టీకా బొంబాయిలో 1802లోనే వేశారు. ఊరూరా తిరిగి, రోగం ఉన్నచోటల్లా వెతికి టీకాలు వేసి దాన్ని తరిమేసరికి 1975 అయింది. అంతవరకూ "అమ్మవారు పోసింది" అని గుమ్మానికి వేపమండలు కట్టిన ఇళ్ళన్నీ ఆరోగ్య నిలయాలు కాబోలు! నవ్వి వదిలేద్దును. కానీ టీకా వేయించాలా వద్దా అని తేల్చుకోలేక, చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఇది చదివే తల్లి కూడా ఏదో ఒక గ్రూపులో ఉంటుంది.

బాబాయికి ఫోన్ చేశాను. "నీ వెనక పుట్టిన ఇద్దరూ ఏమయ్యారు బాబాయ్?"

"ఒకడికి అమ్మవారు... రెండోదాని సంగతి నాకు గుర్తులేదు." కాసేపాగి, "అయినా ఫోటోలు బాగున్నాయి కదరా" అన్నాడు.

బాగున్నాయి. అది ఒప్పుకోవాల్సిందే. పన్నెండు ఫోటోలకే అయిపోయే రీలు వేసుకుని, గోలీ సరిగ్గా వేలు వదిలే క్షణాన్ని పట్టుకున్నాడు ఎవరో. కింద పేరు కూడా వేయలేదు. ఆ ఒక్కటి నేనూ ఫోన్లో దాచుకున్నాను.