సవరణ: కాంపనైల్ నత్త డైనోసార్ల కాలానిది కాదు

సిరొంచ నుంచి గతవారం రాసిన టపాలో, పారిస్ పరిసరాల సున్నపురాతి పొరల్లో దొరికే కాంపనైల్ జైగాంటియం అనే భారీ సముద్రపు నత్త డైనోసార్లతో పాటే జీవించిందని పేర్కొన్నాను, అది తప్పు. డైనోసార్లు, పక్షులను మినహాయిస్తే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించగా, ఈ నత్త ఆ తర్వాతి ఇయోసీన్ యుగంలో, అంటే 5.6 కోట్ల నుంచి 3.4 కోట్ల ఏళ్ల క్రితం వరకు సాగిన కాలంలో, వెచ్చని లోతులేని సముద్రంలో బతికింది. మా తాలూకాలో డైనోసార్ ఎముకలు దొరికినందున, పాతదేదైనా వాటి కాలానిదేనని అనుకునే అలవాటు నాకు పట్టింది కాబోలు.

ఈ నత్త వంశమంతా నశించిందని ఆ టపాలో రాసిన మాట కూడా సరికాదు. కాంపనైల్ సింబాలికం అనే ఒక్క జాతి నైరుతి ఆస్ట్రేలియా తీరంలో నేటికీ ఉంది. ఇక, నాగపూర్ పరిసరాల్లో దక్కన్ లావా పొరల మధ్య కనిపించే ఫైసా అనే శిలాజ గుల్లలను దీనితో కలపకూడదు; అవి సముద్రపువి కావు, మంచినీటి నత్తలవి.