బల్ల కింద పెట్టించిన గేమ్‌బాయ్

డిసెంబరు సేవా కార్యక్రమాల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసే ఉంటారు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, అమెరికాలోని మన తెలుగువాళ్ల సంఘం తరఫున సైకిళ్లు, ట్యాబ్‌లు పంచాం, సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టించాం. శాలువాలు, బొకేలు, గ్రూపు ఫొటో అన్నీ వచ్చాయి. వరండా చివరి బల్ల మీద ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి పెట్టిన గేమ్‌బాయ్ (చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేము యంత్రం) మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. ముఖ్య అతిథి దాన్ని చూడగానే "ఏందబ్బయ్యా, సైన్స్ అంటే గేములు తెచ్చి పెట్టినావే? తీసెయ్, తీసెయ్" అన్నారు. పక్కనే ఉన్న మన వాలంటీరు దాన్ని బల్ల కింద పెట్టించారు. ఆ తర్వాత అతిథి గారు మైకులో గేముల వల్ల చదువులు ఎలా పాడైపోతాయో పిలకాయలకి చాలాసేపు చెప్పారు. బహుమతులు సిరంజీల జేసీబీకి, థర్మాకోల్ సౌరకుటుంబానికి, ఎర్రరంగు నీళ్లు పొంగే అగ్నిపర్వతానికి వెళ్లాయి.

ఆ పూట నేను అక్కడ పేర్ల రిజిస్టరు రాస్తున్నాను. సభ అయ్యాక ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, ఏం చేశాడో మొత్తం చెప్పించుకున్నాను. ఆ సంగతి కొంచెం వివరంగానే రాస్తాను. ఎందుకంటే అతిథి గారికి గానీ మన కమిటీకి గానీ అది చెప్పుకునే అవకాశం వాడికి దొరకలేదు.

అది 1989లో నింటెండో విడుదల చేసిన మొదటి రకం గేమ్‌బాయ్. బూడిదరంగు డబ్బా, నాలుగు పెన్సిల్ సెల్స్, నాలుగే ఛాయలు చూపించే తెర. అందులో పనిచేసే మెమరీ 8 కిలోబైట్లు, ప్రాసెసర్ వేగం నాలుగు మెగాహెర్ట్జ్ పైచిలుకు. వాళ్లమ్మ నెల్లూరులో ఒక ఎన్నారై ఇంట్లో పనిచేస్తుంది, వాళ్లు పాత సామాన్లతో పాటు దీన్ని ఇచ్చేశారట. సెల్స్ కారిపోయి స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. తెర మీద నిలువు గీతలు కొన్ని ఎగిరిపోయాయి. ఆల్కలైన్ సెల్స్ నుంచి కారేది క్షారం, దాన్ని ఆమ్లంతో కడగాలని సైన్స్ పాఠంలో ఉంది కాబట్టి పొదలకూరు నిమ్మకాయ కోసి దూదితో తుడిచాడు. గీతలు పోవడానికి కారణం తెర గాజుకీ దానికి సంకేతాలు తెచ్చే రిబ్బను తీగకీ మధ్య అతుకు పాతబడడం. మద్రాసు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు అన్న సోల్డరింగ్ ఐరన్ తక్కువ వేడిలో పెట్టి, రిబ్బను అంచు మీద నెమ్మదిగా నడిపించడం నేర్పాడు. గీతలు తిరిగొచ్చాయి.

ఇంతవరకు రిపేరు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

వాళ్ల నాయన రొయ్యల చెరువుల మీద కాపలా. "వాన పడి నీళ్లు చల్లబడితే రొయ్య మేత తినదు మేడమ్. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లిపోద్ది" అని చెప్పాడు. అందుకని నీటి వేడి చూసే పరికరం చేద్దామనుకున్నాడు. గేమ్‌బాయ్ పక్కన ఒక చిన్న పోర్టు ఉంటుంది, ఇద్దరు పిల్లలు కేబుల్ తగిలించుకుని కలిసి ఆడుకోవడానికి పెట్టింది. ఆ పోర్టు పనిచేసే తీరు చాలా సరళం. గడియారం టిక్కుమన్న ప్రతిసారీ ఒక బిట్ (సున్నా గానీ ఒకటి గానీ) అటు వెళుతుంది, ఒక బిట్ ఇటు వస్తుంది. ఎనిమిది టిక్కులకి ఎనిమిది బిట్లు, అంటే ఒక బైటు, అటూఇటూ చేతులు మారుతుంది. ఆ టిక్కు గేమ్‌బాయ్ అయినా కొట్టొచ్చు, అవతలివాళ్లయినా కొట్టొచ్చు. వీడు అవతల రెండో గేమ్‌బాయ్ బదులు ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు పెట్టాడు. రెండూ 5 వోల్టుల మీదే నడుస్తాయి కాబట్టి మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. పాత లింక్ కేబుల్ కోసి, లోపలి తీగల రంగులు నమ్మకుండా, ఏది ఏ పిన్నుకి వెళుతుందో మల్టీమీటరుతో ఒక్కొక్కటే చూసుకున్నాడు. పోర్టులోంచి వచ్చే 5 వోల్టుల తీగని బోర్డు కరెంటుతో కలపకుండా టేపు చుట్టి వదిలేశాడు. భూమి (గ్రౌండ్) తీగ మాత్రం రెంటికీ కలిపాడు.

నీళ్లలో వేసే సెన్సర్ డీఎస్18బీ20, స్టీలు గొట్టంలో వచ్చేది. ఒక బైటులో 0 నుంచి 255 వరకే అంకెలు పడతాయి, మరి 28.5 డిగ్రీలు ఎలా పంపాలి? రెండుతో గుణించి 57 అని పంపాడు, తెర మీద మళ్లీ సగం చేసి చూపించాడు. పావు డిగ్రీ కూడా పంపొచ్చు కదా అని అడిగితే, ఆ సెన్సర్ ఖచ్చితత్వమే అర డిగ్రీ అటూఇటూ, అంతకన్నా సన్నగా చూపిస్తే అబద్ధం చెప్పినట్టు అన్నాడు. ఇంజినీరింగ్ చదివినవాళ్లలో కూడా ఈ మాట అనగలిగేవాళ్లు తక్కువ, ఇది నా ఉద్యోగ అనుభవం మీద చెబుతున్నాను.

ప్రోగ్రాము సీ భాషలో వాళ్లక్క లాప్‌టాప్ మీద రాశాడు. ప్రోగ్రాము ఎక్కించి గేమ్‌బాయ్‌లో దూర్చే, మళ్లీ మళ్లీ రాసుకోగలిగే క్యాట్రిడ్జ్‌కి సెల్ షాపు అన్న సగం డబ్బు పెట్టాడు. క్యాట్రిడ్జ్ మొదట్లో నింటెండో లోగో తాలూకు 48 బైట్లు ఉంటాయి. గేమ్‌బాయ్ ఆన్ కాగానే వాటిని తన లోపల దాచుకున్న నకలుతో పోల్చి చూస్తుంది. ఒక్క బైటు తేడా ఉన్నా అక్కడే ఆగిపోతుంది. వీడి ప్రోగ్రాము మొదట్లో అలా ఆగి, లోగో ఉండాల్సిన చోట నల్ల దిమ్మ కనిపించింది. ప్రోగ్రాము తప్పా, గేమ్‌బాయ్‌లో క్యాట్రిడ్జ్ దూరే చోట కాళ్లకి పట్టిన మురికా అన్నది తేల్చుకోవడానికి పక్కింటి పిల్లల దగ్గర ఉన్న ఆట క్యాట్రిడ్జ్ పెట్టి చూశాడు. అదీ ఆగిపోయింది. మురికే అని తేలింది, స్పిరిటుతో తుడిచాడు. తప్పు ఎక్కడుందో విడదీసి వెతకడం అంటే ఇదే. ఇది ఏ ట్యాబ్‌లో పాఠం పెట్టినా రాదు.

"ఫోన్లో చూసుకోవచ్చు కదా?" అని కూడా అడిగాను. "ఎండలో ఫోను కనబడదు మేడమ్, ఇది కనబడద్ది" అన్నాడు. నిజమే. ఆ పాత తెరకి సొంత వెలుగు లేదు, బయటి వెలుగు మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఎండ ఎంత ఉంటే అంత బాగా కనిపిస్తుంది. మామూలుగా వీటిని మార్చేవాళ్లు చేసే మొదటి పని వెనక లైటు పెట్టడం. వెలుతురుని వడకట్టే పోలరైజర్ పొర ఒలిచి ఎల్‌ఈడీ పలక దూర్చి, నలుపు తేటగా రావడానికి 74హెచ్‌సీ04 అనే చిన్న చిప్పు వేస్తారు. వీడు అదంతా చదివి, చెరువు గట్టు మీద అది పనికిరాదని మానుకున్నాడు. ఏం చెయ్యకూడదో తెలిసి ఆగడం పెద్ద తెలివి. ఇదంతా బల్ల కిందకి వెళ్లిపోయింది.

మా నాయనకి కోవూరులో మోటారు వైండింగ్ షాపు ఉండేది. వేసవిలో లోవోల్టేజీకి కాలిపోయిన పంపుసెట్లు బండ్ల మీద వచ్చేవి. కాలిన చుట్ట ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయడం నా పని. తీగ గేజి, చుట్ల లెక్క, స్లాట్ల వరస సరిగ్గా రాసుకుంటేనే కొత్త చుట్ట పడుతుంది. వార్నిష్ వాసన, కాటన్ టేపు, టెస్ట్ ల్యాంపు, వీటి మధ్యే నా లెక్కలు కుదిరాయి. ఇంట్లో మిక్సీ విప్పితే అమ్మ అరిచేది. నాయన మాత్రం "స్క్రూలు డబ్బా మూతలో పెట్టుకో, ఏది ఎక్కడిదో బొమ్మ గీసుకో" అనేవాడు. విప్పొద్దని ఒక్కతూరి కూడా అనలేదు. పాడైంది పారెయ్యకుండా విప్పి చూడడం మా వైపు బీదరికం నేర్పిన అలవాటే, కానీ అంత మంచి బడి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మా జిల్లా వాళ్లని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. అయినా ఒక మాట అనాలి. నెల్లూరులో పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి పిలకాయల చేతిలో స్క్రూడ్రైవరు లాక్కుని మెటీరియల్ పుస్తకాలు పెడతాం. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ర్యాంకు రాని పనంతా టైంపాస్ కింద లెక్క. అమెరికా వచ్చిన మనం ఆ లెక్కని మార్చుకోకపోగా, సూట్‌కేసులో పెట్టుకుని వెనక్కి తీసుకెళ్లి అదే బళ్లో మైకులో వినిపించి వచ్చాం. ఇక్కడ మన పిల్లలు ఫస్ట్ లెగో లీగ్ రోబో పోటీలకి వెళితే సంఘం పేజీలో ఫొటో వేసి చప్పట్లు కొడతాం. అవీ ఆటబొమ్మలే. వాటికి వందల డాలర్లు పోస్తాం కాబట్టి విద్య అయ్యాయి. ఇందుకూరుపేట అబ్బాయి పారేసిన బొమ్మతో అంతకన్నా లోతుగా చేస్తే అది గేము అయింది.

అతిథి గారి భయం అర్థం లేనిది అనను. ఫోన్లో గేములకి బానిసలైన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, తల్లిదండ్రుల టెన్షన్ నిజమైనది. హార్డ్‌వేరు పనిలో వేరే జాగ్రత్తలూ ఉన్నాయి. సీసం కలిసిన సోల్డరు వాడాక చేతులు కడుక్కోవాలి, పొగ ముఖానికి తగలకూడదు. పెన్సిల్ సెల్స్ తీసి లిథియం బ్యాటరీ పెట్టే మార్పు పెద్దవాళ్లు దగ్గర లేకుండా పిల్లలు చెయ్యకూడదు. తాము రాసిన ప్రోగ్రాము ఎక్కించుకోవడం వేరు, ఇతరుల ఆటలు దొంగ కాపీలు ఎక్కించుకోవడం వేరు, ఆ తేడా కూడా చెప్పాలి. రెండొందల రూపాయల డిస్‌ప్లే పెడితే పనయ్యేది కదా అని మన కమిటీలో ఒకరు నాతో అన్నారు. పని అయ్యేది. కానీ ముప్పై ఏళ్లు దాటిన యంత్రం లోపల ఎలా ఆలోచిస్తుందో వాడికి తెలిసేది కాదు.

గేమ్‌బాయ్ తయారుచేసిన బృందానికి పెద్ద గున్‌పే యొకోయి. 1965లో ఆయన నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే యంత్రాలు చూసుకునే ఉద్యోగానికి. ఖాళీ వేళల్లో కాలక్షేపానికి, సాగి వస్తువుల్ని పట్టుకునే ఒక చెయ్యి బొమ్మ చేసుకున్నాడు. కంపెనీ అధ్యక్షుడు యమవుచి అది చూశాడు. తీసెయ్ అనలేదు, దాన్ని సరుకుగా తయారుచెయ్యమన్నాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. గేమ్‌బాయ్‌ని తర్వాత సింగర్ కంపెనీ కుట్టుమిషనుకి తగిలించి, కుట్ల డిజైన్లు దాని మీద ఎంచుకునేలా అమ్మింది కూడా. కుట్టుమిషను నడిపిన యంత్రం చెరువు నీటి వేడి చూపిస్తే మనకెందుకు నామోషీ?

కార్యవర్గాన్ని నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. వచ్చే డిసెంబరులో ట్యాబ్‌ల పక్కన ఒక రిపేరు బల్ల పెట్టండి. రెండు సోల్డరింగ్ ఐరన్లు, మల్టీమీటర్లు, మూడు రెక్కల స్క్రూలకి సరిపోయే స్క్రూడ్రైవర్లు, కళ్లద్దాలు చాలు. జడ్జీగా శాలువా కప్పే అతిథిని కాకుండా, మద్రాసు బస్టాండు సెల్ షాపు అన్న లాంటివాళ్లని పిలవండి. ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు ఇచ్చి, అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో అడగండి. బాగా చెప్పినవాళ్లకి బహుమతి.

సభ్యులని అడిగేది ఇంకోటి. మన పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయారు, వాళ్ల గేమ్‌బాయ్‌లు, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లు సొరుగుల్లో పడి ఉన్నాయి. ఉగాది వేడుకకి వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వండి. పనిచెయ్యకపోయినా ఫర్వాలేదు, పనిచెయ్యనివే ఎక్కువ పనికొస్తాయి. సెల్స్ తీసేసి, లింక్ కేబుళ్లు ఉంటే వాటితో సహా కవర్లో పెట్టి, ఏ మోడలో పైన రాయండి. అడ్వాన్స్ మోడల్ తన సొంత ఆటలు నడిపేటప్పుడు ఆ పోర్టు 3.3 వోల్టుల మీద పనిచేస్తుంది, 5 వోల్టుల బోర్డుని నేరుగా తగిలిస్తే దెబ్బతినొచ్చు. అందుకని వాటిని విడిగా కట్టాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తేవొద్దు.

ఆ హైస్కూలు హెడ్మాస్టరు గారికి మన సంఘం పేరుతో ఒక ఉత్తరం వెళ్లాలి. ఆ అబ్బాయి పరికరాన్ని తీసెయ్యమనడం మన పొరపాటని, వచ్చే ఏడాది అది మొదటి బల్ల మీద ఉండాలని అందులో రాశాను. వచ్చే కార్యవర్గ సమావేశంలో దాన్ని ముందుపెడుతున్నాను. సంతకం చేయదలచినవాళ్లు ఆ రోజు దయచేసి రండి.